మాట మార్చాలా, బాణీ మార్చాలా?

ప్రశ్న: నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతాను. పోయిన వానాకాలంలో మా ఊరి చెరువు పదేళ్ళ తర్వాత నిండి అలుగు దుంకింది. ఊరంతా కట్ట మీదకొచ్చింది. ఆ రాత్రే ఒక పాట రాశాను. పల్లవి ఇది:

చెరువు నిండిందమ్మ మా ఊరి చెరువు
అలుగు దుంకిందమ్మ మా కంటి వెలుగు

దీనికి మూడు చరణాలున్నాయి. మా స్కూల్లో కీబోర్డు వాయించే సార్ ఒకరు ట్యూన్ కడతానన్నారు. ఇద్దరం కూర్చుంటే పల్లవి కుంటుతున్నట్టుగా వచ్చింది, మొదటి చరణం అసలు పట్టలేదు. "మీ మాటలు మీటర్‌లో లేవు. నేను ట్యూన్ ఇస్తాను, దానికి తగ్గట్టు మార్చి రాయండి, సినిమాల్లో అలాగే చేస్తారు" అంటారు సార్. నాకు మనసొప్పడం లేదు. పోనీ నేనే కూనిరాగం తీద్దామంటే ఎప్పుడో విన్న సినిమా పాటలాగే వస్తోంది. కల్యాణి రాగం బాగుంటుందని సార్ అన్నారు, నాకేమో రాగాలు తెలియవు. ఈసారి బతుకమ్మకు ఊళ్ళో ఆడవాళ్ళందరితో ఈ పాట పాడించాలని ఆశ. మాట మార్చాలా, బాణీ మార్చాలా? పాట కాగితం, రికార్డింగ్ పంపుతున్నాను.
– ఒక టీచర్, నల్లగొండ జిల్లా

సమాధానం:

టీచర్ గారూ,

రికార్డింగ్ ఒకసారి విని, పాట కాగితం తీసుకుని మీ పల్లవి కింద గురులఘువులు, అంటే ఏ అక్షరం పొడవో ఏది పొట్టో చెప్పే గుర్తులు, వేశాను. హైస్కూలు పిల్లలతో బోర్డు మీద వేయించే ఆ గుర్తులు మీ పాట కింద మీరెందుకు వేసుకోలేదో నాకు అర్థం కాలేదు. పద్యమైతే లెక్క కావాలి, పాటకు మనసుంటే చాలు అని మనలో చాలామందికి ఒక నమ్మకం. పాటకే లెక్క ఎక్కువ కావాలి. పద్యాన్ని పదిమంది కలిసి చప్పట్లు కొడుతూ పాడరు కదా.

మీ పల్లవిని ఇలా విడగొట్టండి: చెరువు నిం – డిందమ్మ – మా ఊరి – చెరువు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రల చొప్పున లెక్కపెడితే అయిదు, అయిదు, అయిదు, మూడు. రెండో పాదం: అలుగు దుం – కిందమ్మ – మా కంటి – వెలుగు. ఇక్కడా అయిదు, అయిదు, అయిదు, మూడే. పద్యాల లెక్కలో చెప్పాలంటే మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. యతిప్రాసలు కుదరలేదు గానీ నడక మాత్రం అచ్చమైన ద్విపద. పాల్కురికి సోమనాథుడి కాలం నుంచీ జనం పాడుకోవడానికి వాడుకున్న నడక ఇది. ఇలా రాయాలని మీరు అనుకుని రాయలేదు, చేతికి అలా వచ్చింది.

ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఊహించగలను. "ఒక్కేసి పువ్వేసి చందమామ" అంటూ చిన్నప్పుడు ఎన్నిసార్లు తిరిగి ఉంటారు! అందులో "ఒక్కేసి – పువ్వేసి" అన్నది కొలిచి చూడండి. అయిదు, అయిదు. "చెరువు నిం – డిందమ్మ" కొలత కూడా అదే. కాబట్టి మీ మాటలు మీటర్‌లో లేవన్న మాట పల్లవి వరకు ఒప్పుకోను. మీ మీటర్ ఒకటి, సార్ కీబోర్డులో వేసిన రిథమ్ మరొకటి. తేడా అక్కడుంది.

సార్‌ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కీబోర్డులో రెడీగా ఉండే రిథమ్‌లు ఎక్కువ భాగం నాలుగు దెబ్బలవే, కొన్ని మూడువి. బటన్ నొక్కగానే వచ్చేది నాలుగు. అయిదు మాత్రల మాటను నాలుగు దెబ్బల్లో కూర్చోబెట్టాలంటే రెండే దారులు. ఒకటి నొక్కేయడం, రెండోది సాగదీసి ఎనిమిదికి తేవడం. మీరిద్దరూ ఒక చోట నొక్కారు, ఒక చోట సాగదీశారు, అందుకే కుంటింది. రికార్డింగ్‌లో మొదటి మాట మళ్ళీ వినండి. "చే…రువు నిండిం… దమ్మ" అని వినిపిస్తోంది. చెరువులో "చె" లఘువు. దాన్ని మొదటి దెబ్బ మీద లాగేసరికి చేరువు అయింది. కాగితం చూడకుండా విన్నవాళ్ళు ఏదో చేరువైంది కాబోలు అనుకుంటారు. పాట మొదటి మాటే వినేవాళ్ళకు తప్పుగా చేరితే తర్వాత ఎంత బాగా పాడినా వాళ్ళు ఆ తప్పును దిద్దుకునే పనిలోనే ఉంటారు.

ఇది మన భాషలో కాస్త జాగ్రత్తగా చూసుకోవలసిన సంగతి. తెలుగులో అచ్చు పొడవును బట్టి అర్థం మారిపోతుంది. కలం లాగితే కాలం, పడు లాగితే పాడు, మడి లాగితే మాడి. ఇంగ్లీషు పాటలో ఒక అక్షరాన్ని ఎంత లాగినా మాట మాటగానే ఉంటుంది. వాళ్ళకు ఒత్తి పలికే అక్షరం దెబ్బ మీద పడితే చాలు. మనకు ఒత్తు కంటే పొడవు ముఖ్యం. అందుకే పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించినప్పుడు చాలాసార్లు మాట వంకర పోతుంది.

అంటే లఘువును ఎక్కడా లాగకూడదా? అలా అయితే సంగీతమే లేదు. నేను పాటించే లెక్క చెబుతాను. మాట మొదట్లోనో మధ్యలోనో ఉన్న లఘువు, పక్కనున్న గురువు కంటే ఎక్కువసేపు నిలవకూడదు. గురువును రెండు మాత్రలే కాదు, నాలుగైనా ఎనిమిదైనా నిలపొచ్చు, అర్థం చెడదు. మాట చివరి అక్షరాన్ని కూడా మీ ఇష్టం వచ్చినంత లాగొచ్చు. అమ్మను అమ్మా అన్నా, ఊరిని ఊరీ అన్నా ఎవరూ తికమకపడరు. పిలిచేటప్పుడు మనం ఎలాగూ అలాగే అంటాం. మాట మొదటా మధ్యలో ఉన్న లఘువుతోనే చిక్కు.

ఈ లెక్కతో మీ పల్లవికి రెండు నడకలు సహజంగా కుదురుతాయి.

మొదటిది అయిదు మీదే పాడటం. ఖండ గతి అంటారు. "తక తకిట" అని నోటితో చెప్పుకుంటూ తొడ మీద తాళం వేయండి. రెండు, మూడు. దాని మీద "చెరువు నిం" అనండి. పట్టు పట్టినట్టు కూర్చుంటుంది. పాదం చివర "చెరువు" మూడే మాత్రలు కాబట్టి మిగిలిన రెండూ మీకు ఊపిరి తీసుకునే చోటు. ఇది స్టేజీ మీద ఒక్కరే పాడటానికి చాలా బాగుంటుంది. మామూలుగా వినే నాలుగుకు భిన్నంగా ఉంటుంది కాబట్టి విన్నవాళ్ళకు గుర్తుంటుంది. తోడుగా తబలా ఉన్నా సరే, ఉత్త తాళాలైనా సరే.

రెండోది ఒక్కో అయిదును ఆరు చేయడం. "చెరువు నిం…" అని గురువును ఒక మాత్ర ఎక్కువ పట్టండి. తర్వాత "డిందమ్మా", ఆ తర్వాత "మా ఊరీ", చివర "చెరువూ…". నాలుగు ఆర్లు. లాగినవన్నీ గురువులో, మాట చివరి అక్షరాలో. ఏ మాటా చెడలేదు. ఆరంటే రెండు మూళ్ళు, అంటే తిస్ర గతి, చప్పట్లకూ అడుగుకూ సరిపోయే నడక. బతుకమ్మ ఆడేటప్పుడు ఆడవాళ్ళు అయిదు మాత్రల మాటను చాలాసార్లు ఇలాగే ఆరుకు సాగదీసి పాడతారు. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, చేతులూ కాళ్ళూ కలిసి కదలాలి కాబట్టి అలా వచ్చింది. మీ ఆశ బతుకమ్మకు పాడించాలని కాబట్టి నేనైతే ఈ రెండోదే ఎంచుకుంటాను. సార్ కీబోర్డులో మూడు దెబ్బల రిథమ్ దొరుకుతుంది కూడా. పల్లవిలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

ఇక మొదటి చరణం. ఇక్కడ సార్ మాటే నిజం. మీరు రాసింది ఇది:

పదేళ్ళుగా ఎండిన బీటల మధ్య
గడ్డిపోచ కూడా మొలవలేదు

మాటల వారీగా కొలిస్తే మొదటి పాదం ఆరు, నాలుగు, నాలుగు, మూడు. రెండోది ఆరు, నాలుగు, ఆరు. ఇది మామూలు మాట నడక. మంచి మాటే, కానీ పల్లవి నడక కాదు. దీన్ని రెండు రకాలుగా సరిచేయొచ్చు.

ఒకటి, అర్థం ఉంచుకుని అయిదుల్లోకి తిరిగి రాయడం. ఎలా ఉంటుందో చూపించడానికి నేనొకటి కడతాను, మీరు దీన్నే వాడాలని కాదు:

పదియేళ్ళ బీటలో పరకైన లేదు
ఎదురుచూపుల కళ్ళ ఎండింది నీరు

పదియేళ్ళ – బీటలో – పరకైన – లేదు. అయిదు, అయిదు, అయిదు, మూడు. ఇందులో యతి కూడా పడింది, పదియేళ్ళకు పరకైన. రెండో పాదంలో ఎదురుకు ఎండింది. ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, దకారం. యతిప్రాసలు లేకపోతే పాట చెడిపోతుందని నేననను, మీ పల్లవి అవి లేకుండానే బాగుంది. అయితే వాటి వల్ల పాటకు ఒక పనికొచ్చే లాభం ఉంది. పాదం సగంలో, అంటే మూడో గణం మొదలయ్యే చోట, మొదటి అక్షరం మళ్ళీ వినపడితే గుంపులో పాడేవాళ్ళకు తాళం ఎక్కడుందో తెలుస్తుంది. ప్రాస నియమంలో ఇంకొకటి ఉంది, బడిలో చెబుతాం గానీ ఎందుకో చెప్పం. ప్రాసాక్షరం ముందున్న అక్షరం ఒక పాదంలో లఘువైతే అన్నిట్లోనూ లఘువే, గురువైతే గురువే. దానివల్ల ప్రతి పాదం ఒకే రకంగా ఎత్తుకుంటుంది. ఒక్క బాణీ అన్ని పాదాలకూ పట్టాలంటే అదే కావాలి.

రెండో మార్గం నాకు ఎక్కువ నచ్చింది. మీ రెండు పాదాలనూ అక్షరం మార్చకుండా పాట ముందు సాకీగా పెట్టండి. సాకీకి తాళం ఉండదు. శ్రుతి ఒక్కటే మోగుతుండగా ఒక గొంతు మాట్లాడినట్టు, పాడినట్టు మధ్యలో "పదేళ్ళుగా ఎండిన బీటల మధ్య గడ్డిపోచ కూడా మొలవలేదు" అంటుంది. ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు చప్పట్లతో "చెరువు నిండిందమ్మ" అని అందరూ ఎత్తుకుంటారు. చరణంలో పెట్టుకుని మీరు ఇబ్బంది పడుతున్న మాట పల్లవికి ముందు చేరితే పల్లవికే బలం వస్తుంది. ఎండ చెప్పకుండా వాన చెబితే ఏం బాగుంటుంది? మొదటి చరణం చోట మాత్రం అయిదుల్లో కొత్తగా రెండు పాదాలు రాసుకోండి.

మీ రెండో చరణం "జలసిరుల సంతోష సంరంభవేళ" అని మొదలవుతుంది. కొలత సరిగ్గా ఉంది. కానీ టీచర్ గారూ, అలుగు దుంకిందన్న నోటితోనే సంరంభవేళ అంటే ఎలా? తెలుగు మాస్టర్లం కదా, కలం పట్టగానే పాఠ్యపుస్తకం గొంతు వచ్చేస్తుంది. అదలా ఉంచండి, పాడటానికి కూడా ఇది కష్టం. సం, సం, రం అని మాటిమాటికీ నోరు మూసుకుపోతుంది, గొంతు నిలవడానికి తెరిచి ఉన్న అచ్చులు తక్కువ. నెమ్మదిగా పాడితే నెట్టుకురావచ్చు గానీ చప్పట్ల నడకలో ముద్దముద్దగా వినిపిస్తుంది. ఆ రోజు కట్ట మీద నిలబడ్డ ముసలివాళ్ళు ఏమన్నారో, పిల్లలు ఏమని అరిచారో గుర్తు తెచ్చుకోండి. అందులో అయిదు మాత్రల మాటలు కావలసినన్ని దొరుకుతాయి.

మూడో చరణం "ఎవరు తవ్విరి చెరువు ఎన్నేళ్ళ కింద" నాకు అన్నిటికన్నా నచ్చింది. కొలతా కుదిరింది, మాటా కుదిరింది. బాణీయే దానికి అన్యాయం చేసింది. పల్లవికి వాడిన వరసనే దీనికీ వాడారు. ఆ వరస చెప్పే స్వరం, ఇది అడిగే మాట. మనం "ఎవరు?" అని అడిగేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తుందో మీరే పైకి అని చూడండి. ఆ లేచే చోటే బాణీ కూడా లేవాలి. "ఎవరు" మీద పై షడ్జమం (పై స) తాకి, "కింద" దగ్గరికి దిగివచ్చేలా పెడితే ప్రశ్న ప్రశ్నలా వినిపిస్తుంది. కింద అన్న మాట కిందకి దిగడం కాస్త పిల్లచేష్ట అనిపించొచ్చు, జనానికి మాత్రం అలాంటివి నచ్చుతాయి.

సినిమా పాటలా వచ్చేస్తోందన్నారు. కూనిరాగం తీసినప్పుడు మాట కంటే ముందు ట్యూన్ వస్తుంది, అది ఎక్కడో విన్నదే అయి ఉంటుంది. కాబట్టి పాడటం మానేసి మాట్లాడండి. "చెరువు నిండిందమ్మ!" అని వాకిట్లో నిలబడి పక్కింటావిడకు కేకేసి చెప్పినట్టు అనండి. ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత అదే మాట ఊరు విడిచి పట్నంలో ఉంటున్న కొడుక్కి ఫోన్లో చెప్పినట్టు అనండి. తర్వాత ఎవరూ లేనప్పుడు మీలో మీరే అనుకున్నట్టు. మూడూ వినండి. గొంతు పైకి లేచిన చోట, దిగిన చోట, నిలిచిన చోట కాగితం మీద బాణం గుర్తులు పెట్టండి. ఆ మూడింటిలో మీ పాటకు ఏది సరిపోతుందో దానిని కొంచెం పెద్దది చేస్తే వరస వస్తుంది. అది ఏ సినిమాదీ కాదు, మీ ఊరి మాట తీరు.

కేక తీరును నేను మోహన రాగంలో పెట్టి చూశాను. మోహనకు అయిదే స్వరాలు: స రి గ ప ద. "చెరువు" ప ప ప, "నిం" ద మీద నిలిచి, "డిం" మళ్ళీ ప, "ద" గ, "మ్మ" రి. "మా" గ, "ఊ" ప, "రి" గ. చివర "చెరువు" గ గ రి. రెండో పాదం అదే దారిలో నడిచి "వెలుగు" దగ్గర రి రి స. మొదటి పాదాన్ని షడ్జమం మీద దించలేదు, గమనించండి. అక్కడే దింపితే పాట అయిపోయినట్టుంటుంది, రెండో పాదానికి పని ఉండదు. రి మీద ఆపితే చెవి ఇంకా దేనికోసమో చూస్తుంది, "వెలుగు"తో ఇంటికి చేరుతుంది. ఇది నమూనా మాత్రమే. సార్ దీన్ని కీబోర్డు మీద వాయిస్తే ఎక్కడ మార్చాలో మీకే తెలుస్తుంది.

కల్యాణి గొప్ప రాగం. ఏడు స్వరాలు, అందులో మ కాస్త ఎత్తున ఉండే ప్రతిమధ్యమం. కానీ ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒక్కసారి విని పట్టుకోవాలంటే స్వరాలు తక్కువ ఉండటం మేలు. మీ పాటకు రాగం పేరు ముందు నిర్ణయించాల్సిన అవసరమే లేదు. మాట నుంచి నాలుగు స్వరాలు దొరికాక అవి ఏ రాగంలో ఉన్నాయో చూడటం సులువు. సాకీకి మాత్రం మధ్యమావతి ప్రయత్నించమంటాను: స రి మ ప ని. మోహనతో స రి ప మూడూ ఉమ్మడి. గ బదులు మ, ద బదులు ని. మధ్యమావతి మంగళం పాడే రాగమని అందరికీ తెలుసు గానీ, కింది స్థాయిలో నెమ్మదిగా పాడితే దానిలో ఒక ఎండిపోయిన నిశ్శబ్దం ఉందని నాకనిపిస్తుంది. అక్కడి నుంచి పల్లవిలో మోహన గాంధారం (గ) వినపడగానే నీళ్ళొచ్చినట్టే ఉంటుంది. శ్రుతి మారదు కాబట్టి పాడేవాళ్ళకు ఇబ్బంది లేదు.

శ్రుతి అంటే గుర్తొచ్చింది. రికార్డింగ్‌లో సార్ తనకు వీలైన శ్రుతి పెట్టినట్టున్నారు. మగవాళ్ళు ఒకటి, రెండు శ్రుతుల దగ్గర హాయిగా పాడతారు, ఆడవాళ్ళకు సాధారణంగా అయిదు, అయిదున్నర కావాలి. పాడేది మీరు, ఊళ్ళో ఆడవాళ్ళు. మీకు వీలుగా మార్చమనండి, కీబోర్డులో ఒక్క బటన్ పని. వరస మొత్తం ఒక స్థాయి, అంటే స నుంచి పై స వరకు, దాటకుండా చూసుకోండి. గుంపు పాటలో పై షడ్జమం దాటితే సగం గొంతులు ఆగిపోతాయి.

ఇంకొకటి కూడా మీ పాటలో గమనించాను. మీ పల్లవి పాదాలు రెండూ ఉకారంతో ముగుస్తున్నాయి: చెరువు, వెలుగు. నేను కట్టిన రెండింటిలోనూ లేదు, నీరు. తెలుగంటే అంతే, మాట ఎక్కువగా ఉకారం మీదే వాలుతుంది. ఆ ఉ కింది స్వరాల్లో మెత్తగా ఉంటుంది, పైకి తీసుకెళ్ళి నిలిపితే గొంతు బిగుసుకుపోతుంది. కాబట్టి పాదం చివర బాణీని ఎప్పుడూ దించండి. పైకి వెళ్ళి నిలవాలనిపిస్తే ఆ చోట ఆ, ఓ, ఏ ఉన్న మాట ఉండేలా చూసుకోండి. "నిండిందమ్మా" లో మా దొరుకుతుంది. బతుకమ్మ పాటల్లో ఉయ్యాలో అన్న ఊతపదం ఊరికే పుట్టలేదు. ఉకారంతో మొదలైనా చివర నోరు తెరిచే అచ్చు మీద ఆగుతుంది, ముందు పాడేవాళ్ళకు ఊపిరి, వెనక పాడేవాళ్ళకు వంతు దొరుకుతాయి. మీ పాటకూ కావాలంటే "చెరువు నిండిందమ్మ ఉయ్యాలో" అని పెట్టుకోవచ్చు, ఉయ్యాలో సరిగ్గా ఆరు మాత్రలు. అప్పుడు "మా ఊరి చెరువు" అన్నది రెండో వంతుకు వెళ్తుంది.

సినిమాల్లో ట్యూన్ ముందు, మాట తర్వాత అన్నది నిజమే. సంగీత దర్శకులు తననా అనో, అర్థం లేని మాటలతోనో వరస ఇస్తారు, కవి దానికి రాస్తారు. అలా వచ్చినవాటిలో గొప్ప పాటలున్నాయి. కానీ రేడియో లలితగీతాల్లో ఎక్కువగా మాట ముందు నడిచింది. బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) లాంటి వారైతే రాసేదీ వరస కట్టేదీ తామే కాబట్టి ఈ తగువే లేదు. ఇంకా పాత ఉదాహరణ అన్నమయ్య. తిరుమల రాగిరేకుల మీద సంకీర్తనకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి వారు ఇరవయ్యో శతాబ్దంలో వాటికి వరసలు కట్టారు. మాట రాసినాయన వెళ్ళిపోయి అప్పటికే నాలుగు వందల ఏళ్ళు దాటింది, ఒక అక్షరం మార్చి పెట్టమని అడిగే వీలే లేదు. అయినా ఆ పాటలు ఇవాళ ఇంటింటా పాడుకుంటున్నారు. మాటలో నడక దాగి ఉంటే బాణీ కట్టేవాళ్ళకు అది చాలు.

అయితే సార్ మాటలో మీరు తీసుకోవలసినది కూడా ఒకటుంది. మీ మొదటి చరణానికి వరస కుదిరాక, తర్వాతి చరణాలు ఆ వరసకే రాయాలి. అంటే పల్లవికీ మొదటి చరణానికీ మాట ముందు, బాణీ వెనక. రెండో చరణం నుంచి బాణీ ముందు, మాట వెనక. చరణాలున్న పాట రాసే ప్రతివాళ్ళూ రెండు పనులూ చేస్తారు. కాబట్టి "మార్చను" అని ముందే పట్టుబట్టి కూర్చోకండి. ప్రతి పాదంలో ఒక మాట ఉంటుంది, అది తీస్తే పాదం చచ్చిపోతుంది. మీ పల్లవిలో అది చెరువు, రెండో పాదంలో దుంకింది. ఆ మాటల కింద గీత గీసి సార్‌కి చూపించండి. "ఇవి కదలవు, మిగతావి మీ ఇష్టం" అనండి. మా కంటి వెలుగు బదులు ఇంకేదైనా వచ్చినా మీకు పోయేది లేదు. నిజానికి అది కొంచెం అరిగిపోయిన మాట, మారితే మంచిదే.

మాత్రలు సర్దడానికి మాట మార్చకుండా ఇంకో ఉపాయం సంధి. ఉకారం మీద అచ్చు వస్తే కలిపితే ఒక మాత్ర తగ్గుతుంది, విడదీస్తే ఒకటి పెరుగుతుంది. చెరువు ఎండె అంటే ఆరు, చెరువెండె అంటే అయిదు. అమ్మ, అక్క, ఓ, గదా లాంటి పిలుపు మాటలు కూడా కావలసిన చోట రెండో మూడో మాత్రలు అప్పిస్తాయి. మరీ ఎక్కువ వాడితే అతుకులు కనిపిస్తాయి.

వరస కుదిరాక సంగతులూ గమకాలూ లాంటి నగిషీలు వేయకముందు ఒక పరీక్ష పెట్టండి. పాట తెలియని ఒకరికి, కాగితం ఇవ్వకుండా, ఫోన్లో పాడి వినిపించి, ఏం విన్నారో మాటల్లో చెప్పమనండి. వాళ్ళు తడబడిన ప్రతి చోటా బాణీ మాటను తొక్కిందన్నమాట. అక్కడ మాత్రమే దిద్దండి. మీ బడి పిల్లలు దీనికి బాగా పనికొస్తారు, వాళ్ళు మొహమాటపడరు.

చివరిగా మీరు అడగనిది ఒకటి. పాట బాగా వస్తే యూట్యూబ్‌లో పెడతారు, పెట్టాలి కూడా. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం వేరు, సంగీతం వేరు, రెండింటికీ వేర్వేరు కర్తలు. మాటలు మీవి, వరస ఇద్దరూ కలిసి కట్టారా, సార్ ఒక్కరే కట్టారా అన్నది ముందే మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి. రికార్డింగ్ హక్కు మళ్ళీ విడిగా ఉంటుంది. వరసలో బతుకమ్మ పాటల ఛాయ ఉంటే దాచుకోవలసిన పనేం లేదు, జానపద వరస అని వేయండి. స్నేహితులం కదా, ఇప్పుడు ఇదంతా ఎందుకు అనిపిస్తుంది. పాట నలుగురి నోళ్ళలో పడ్డాక అడగడం ఇంకా కష్టం.